ఫుట్‌పాత్ మున్సిపాలిటీది, కారు పోలీసులది: నా అనుభవం

మా పట్టణంలో మెయిన్ రోడ్డు ఫుట్‌పాత్ మీద కార్లు పెట్టడం మాన్పించడానికి నేను తిరిగిన ఆఫీసులు, పెట్టిన అర్జీలు, వచ్చిన జవాబులు వరసగా రాస్తున్నాను. ఏ కాగితం ఎవరికి ఇవ్వాలో మొదటే తెలిసి ఉంటే నాకు కొన్ని నెలలు మిగిలేవి. ఇదే బాధ పడుతున్న మరొకరికైనా అవి మిగులుతాయని రాస్తున్నాను. ఊరి పేరు, ఆఫీసుల పేర్లు రాయడం లేదు. గోదావరి పక్కన ఒక మున్సిపాలిటీ అనుకోండి, చాలు.

మా నాన్న రిటైరైన తెలుగు మాస్టారు. గ్లకోమా వల్ల చూపు దాదాపు పోయింది. అయినా రోజూ సాయంత్రం తెల్ల కర్ర పట్టుకుని గ్రంథాలయానికి వెళ్తారు. అక్కడ ఆయన స్నేహితులు పేపరు చదువుతుంటే విని, నాలుగు మాటలు మాట్లాడి వస్తారు. రోడ్డు వెడల్పు చేసినప్పుడు రెండు పక్కలా ఫుట్‌పాత్ వేసి, మధ్యలో పసుపు పలకలు కూడా పరిచారు. పొడుగు గీతలున్న పలక అంటే తిన్నగా వెళ్లమని, చుక్కలున్న పలక అంటే ఆగి చూసుకోమని. నాన్న కర్ర కొసతో వాటిని తడుముకుంటూ ఎవరి తోడూ లేకుండా వెళ్లి వచ్చేవారు. ఏడాది తిరక్కుండానే ఆ పలకల మీదికి కార్లు ఎక్కాయి.

చూపు ఉన్నవాళ్లకి అర్థం కాని సంగతి ఒకటి చెప్పాలి. కారు దగ్గరికి వచ్చేసరికి కర్ర కొస బంపరు కిందికి దూరిపోతుంది. ఎదురుగా అడ్డు ఉందని కర్ర చెప్పదు, మోకాలు చెబుతుంది. పెద్ద కార్లయితే అద్దం ఛాతీకి తగులుతుంది. అప్పుడు ఫుట్‌పాత్ దిగి రోడ్డు మీదికి రావాలి. కర్బ్ రాయి ఎక్కడ ముగిసిందో తెలియదు, వెనక నుంచి ఏ బస్సు వస్తోందో తెలియదు. అలా దిగినప్పుడే ఒక రోజు ఆటో అద్దం ఆయన భుజానికి కొట్టింది. పడిపోయారు. మోచెయ్యి గీసుకుపోయింది, ఎముకలు విరగలేదు. మన దేశంలో 2023లో రోడ్డు ప్రమాదాల్లో చనిపోయిన పాదచారులు 35 వేల మందికి పైనే. ఆ లెక్క అంతకు ముందు క్లాసులో పిల్లలకి చెప్పాను కూడా. ఆ రాత్రి నాన్న మోచేతికి కట్టు కడుతుంటే అది ఎంతమంది మనుషులో నాకు తెలిసింది.

నేను జూనియర్ కాలేజీలో సివిక్స్ చెబుతాను. కాబట్టి ముందు చట్టం తీసి చదివాను. చట్టానికి మనకు కొదవ లేదు. ఇతరులకు ప్రమాదం గానీ, అడ్డు గానీ, ఇబ్బంది గానీ కలిగేలా బహిరంగ స్థలంలో బండి నిలపకూడదని మోటారు వాహనాల చట్టం, 1988 లోని 122వ సెక్షన్ చెబుతోంది. పార్కింగ్ నిషేధం ఉన్న చోట పెట్టిన బండిని లాక్కెళ్లడానికి, చక్రానికి తాళం వేయడానికి యూనిఫాంలో ఉన్న పోలీసు అధికారి ఉత్తర్వు ఇవ్వవచ్చని 127వ సెక్షన్ చెబుతోంది. 2017లో కేంద్రం తెచ్చిన మోటారు వాహనాల డ్రైవింగ్ నిబంధనల్లో ఫుట్‌పాత్ మీద, సైకిల్ ట్రాక్ మీద బండి పెట్టకూడదని విడిగానే ఉంది. 122వ సెక్షన్ మీరితే జరిమానా 177వ సెక్షన్ కింద. 2019 సవరణకు ముందు 100 రూపాయలుండేది, తర్వాత మొదటిసారికి 500, మళ్లీ చేస్తే 1500 వరకూ పెంచారు. దారికి అడ్డం కలిగించినవాళ్లకి, ఐపీసీ స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహిత 285వ సెక్షన్ కింద 5000 రూపాయల వరకు జరిమానా వేయవచ్చు. ఇవన్నీ ప్రింటు తీసుకుని ఒక ఫైల్లో పెట్టుకున్నాను.

చట్టం కన్నా ముందు మనిషితో మాట్లాడాలని మా నాన్న అన్నారు. మాకు అన్నిటికన్నా ఎక్కువ అడ్డు సెకండ్ హ్యాండ్ కార్ల షాపు. అమ్మకానికి వచ్చిన కార్లని పొద్దున్నే కడిగి, ఫుట్‌పాత్ మీద వరసగా నిలబెట్టి, అద్దాల మీద ధర రాస్తారు. ఆ యజమాని నాన్న దగ్గర చదువుకున్నవారే. "అయ్యో, మాస్టారికి దెబ్బ తగిలిందా అమ్మా? సాయంత్రం ఆయనొచ్చే టైముకి తీయించేస్తాలే" అన్నారు. కొన్నాళ్లు నిజంగానే తీయించారు కూడా. కానీ ఆ షాపు పక్కనే డయాగ్నస్టిక్ సెంటర్ ఉంది. పొద్దున్నే పరగడుపున రక్త పరీక్షకి వచ్చే ముసలివాళ్లు, కడుపుతో ఉన్న ఆడవాళ్లు అందరూ రోడ్డు మీద నుంచే నడవాలి. మాస్టారి కోసం ఒక గంట తీసే కారు, మిగతా పగలంతా ఎవరినో ఒకరిని లారీల ముందుకి దింపుతూనే ఉంటుంది. మర్యాదకి తీసిన కార్లు వద్దనీ, హక్కుగా దారి కావాలనీ ఆయనతోనే చెప్పాను. ఆయన నొచ్చుకున్నారు. "వ్యాపారం చేసుకోవద్దంటావా అమ్మా?" అన్నారు.

తర్వాత ట్రాఫిక్ స్టేషన్‌కి వెళ్లాను. అక్కడి ఎస్సై గారు కుర్చీ వేసి కూర్చోబెట్టి సావధానంగా విన్నారు. విని, "నో పార్కింగ్ బోర్డు లేదు కదండీ మేడమ్ అక్కడ, ఏమని రాస్తాం చలానా?" అన్నారు. ఫుట్‌పాత్‌కి బోర్డు అక్కర్లేదని ఫైలు తీసి నిబంధన చూపించాను. చదివారు. "రూలు కరక్టేనండి. కానీ ఫుట్‌పాత్ మున్సిపాలిటీ వాళ్ల ఆస్తి. వాళ్లు మాకు రాసిస్తే మేం వస్తాం" అన్నారు. సరేనని మున్సిపల్ ఆఫీసుకి వెళ్తే అక్కడి ఇంజనీరు గారు, "ఫుట్‌పాత్ మాదేనండి, కాదనం. బండి మీద చెయ్యి వేసే అధికారం మాకు లేదు కదా? అది పోలీసుల పని" అన్నారు. ఇద్దరిలో ఎవరూ కసురుకోలేదు, లంచం అడగలేదు, అబద్ధం చెప్పలేదు. ఇద్దరూ చెప్పింది సగం సగం నిజం. ఆ రెండు సగాల మధ్యలోనే కార్లు నిలబడి ఉన్నాయి.

ఈ మాట మా తమ్ముడితో ఫోన్లో చెప్పాను. వాడు ఎడింబరోలో ఉంటాడు. స్కాట్లాండ్‌లో 2019లో చట్టం చేసి, 2023 డిసెంబరు నుంచి ఫుట్‌పాత్ పార్కింగ్‌ని నిషేధించారు. 2024 జనవరి చివర్లో అందరికన్నా ముందు ఎడింబరోలోనే జరిమానాలు మొదలయ్యాయి. 100 పౌండ్లు, పద్నాలుగు రోజుల్లో కడితే సగం. లండన్లో అయితే ఈ నిషేధం 1974 చట్టంతోనే వచ్చింది. లండన్ దాటితే మిగతా ఇంగ్లండులో అలాంటి గంపగుత్త నిషేధం లేక, అక్కడివాళ్లు కూడా మనలాగే ఏళ్ల తరబడి అర్జీలు పెడుతూ వచ్చారు. నాకు పనికొచ్చిన ముక్క ఒకటి వాడి మాటల్లో దొరికింది. అక్కడ ఆ జరిమానా చీటీ వేసేది పోలీసులు కాదు, ఆ రోడ్డుని చూసుకునే కౌన్సిలే. దారీ చీటీ ఒకరి చేతిలోనే ఉంటాయి కాబట్టి "మాది కాదు" అనడానికి వీల్లేదు. మన దగ్గర అది రెండు శాఖల చేతుల్లో ఉంది. అందుకని ఆ ఇద్దరినీ ఒకే బల్ల దగ్గర కూర్చోబెట్టగల అధికారి ఎవరా అని వెతకడం మొదలుపెట్టాను.

వెంటనే దొరకలేదు. ముందు అందరూ చెప్పినట్టే సోమవారం కలెక్టరేట్‌లో అర్జీ ఇచ్చాను. రసీదు ఇచ్చారు, నంబరు ఇచ్చారు. కొన్నాళ్లకి "మీ సమస్య పరిష్కరించబడినది" అని ఫోనుకి మెసేజ్ వచ్చింది. ఆన్‌లైన్లో తెరిచి చూస్తే సాక్ష్యంగా ఒక ఫొటో పెట్టారు. ఫుట్‌పాత్ ఖాళీగా ఉంది. షాపుల షట్టర్లన్నీ దించి ఉన్నాయి. తెల్లారకుండానే తీసిన ఫొటో అది. ఇలా మూసేసిన అర్జీని మళ్లీ తెరవమని అడగవచ్చు. అడిగేటప్పుడు పగటి పూట, తేదీ, టైము కనబడేలా తీసిన ఫొటోలు జత చేయండి. నేను అదే చేశాను.

మళ్లీ తెరిచిన అర్జీ మీద జరిగిన మొదటి చర్య నన్ను ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికన్నా ఎక్కువ బాధపెట్టింది. మున్సిపాలిటీ వాళ్లు ట్రాక్టరేసుకుని వచ్చి టీ బండి ఎత్తుకుపోయారు. కార్లు ఎక్కడివక్కడే ఉన్నాయి. ఆ బండి ఒక పిన్నిది. కరెంటు స్తంభం వెనక, పసుపు పలకలకి దూరంగా, నడిచేవాళ్లకి చోటు వదిలి పెట్టుకునేది. నాన్న కర్ర చప్పుడు వినగానే "మాస్టారండీ, ఎడంపక్కకి రండి, ఇక్కడ కారుంది" అని కేకేసి చెప్పేది ఆవిడే. నా అర్జీ వల్ల ఆవిడ పొయ్యి ఆరిపోవడం నేను ఒప్పుకోలేకపోయాను. వీధి విక్రయదారుల చట్టం, 2014 ప్రకారం సర్వే పూర్తయ్యేదాకా విక్రయదారుల్ని ఖాళీ చేయించకూడదు. కదిలించాలన్నా ముప్పై రోజుల నోటీసు ఇవ్వాలి. అది రాసుకుని, పిన్నిని వెంటబెట్టుకుని కమిషనర్ గారిని కలిశాను. ఫుట్‌పాత్ మీద బతికేవాళ్ల కోసం ఒక చట్టం ఉంది, ఫుట్‌పాత్ మీద కారు పెట్టేవాళ్ల కోసం ఏ చట్టమూ లేదు, మీ ట్రాక్టరు ముందు ఎటు వెళ్లాలి అని అడిగాను. ఆయన బండి తిరిగి ఇప్పించారు. ఒక చక్రం వంకరపోయి వచ్చింది. పిన్ని నన్ను ఒక్క మాట అనలేదు.

మీరు అర్జీ రాస్తే ఇది మరిచిపోకండి. "ఆక్రమణలు తొలగించండి" అని రాయొద్దు. అలా రాస్తే తేలిగ్గా కదిలే తోపుడు బండే ముందు పోతుంది. "మోటారు వాహనాలు", "అనుమతి లేని ర్యాంపులు" అని విడిగా పేరు పెట్టి రాయండి. ర్యాంపులంటే బండ్లు ఫుట్‌పాత్ ఎక్కడానికి షాపుల ముందు పోసుకున్న సిమెంటు వాలులు.

ఆ తర్వాత సమాచార హక్కు చట్టం పట్టుకున్నాను. పనిని ముందుకి కదిలించింది ఇదే. మున్సిపాలిటీకి ఒకటి, పోలీసు శాఖకి ఒకటి దరఖాస్తు పెట్టాను. ఒక్కోదానికి పది రూపాయల కోర్టు ఫీజు స్టాంపు అంటిస్తే సరిపోయింది. సమాచార హక్కులో "ఎందుకు చేయలేదు" అని అడిగితే జవాబు రాదు. సమాచార అధికారి రికార్డులో ఉన్నది ఇస్తారు గానీ కారణాలు వెతికి చెప్పరు. అందుకని కాగితాలే అడిగాను. రోడ్డు వెడల్పు పనికి మంజూరైన అంచనా, అందులో ఫుట్‌పాత్ వెడల్పు చూపించే డ్రాయింగ్, షాపుల ముందు సిమెంటు ర్యాంపులకి ఇచ్చిన అనుమతులు, డయాగ్నస్టిక్ సెంటర్ భవనానికి మంజూరు చేసిన ప్లాను, ఫుట్‌పాత్ పార్కింగ్‌కి రాసిన చలానాల వివరం. చివరగా రెండు దరఖాస్తుల్లోనూ ఒకే ప్రశ్న పెట్టాను: ఫుట్‌పాత్ మీద నిలిపిన వాహనాన్ని తొలగించే బాధ్యత ఏ అధికారిదో చెప్పే ఉత్తర్వు నకలు ఇవ్వండి.

ఈ చట్టంలో 6(3) సెక్షన్ నాకు చాలా ఇష్టం. అడిగిన సమాచారం తమ దగ్గర లేకపోతే "మాది కాదు" అని దరఖాస్తు తిప్పి పంపకూడదు. ఎవరి దగ్గర ఉందో వాళ్లకి ఐదు రోజుల్లో వాళ్లే పంపాలి, పంపినట్టు మనకి రాయాలి. మున్సిపాలిటీ ఆ చివరి ప్రశ్నని పోలీసు శాఖకి బదిలీ చేసింది. పోలీసు శాఖ జవాబు ముప్పై రోజుల్లో రాలేదు. 19(1) కింద మొదటి అప్పీలు పెట్టాక వచ్చింది. వాళ్లు అదే ప్రశ్నని మున్సిపాలిటీకి బదిలీ చేశారు. రెండు ఉత్తరాలనీ పక్కపక్కన పెట్టి జిరాక్స్ తీయించాను. ఆఫీసుల్లో నోటితో విన్న మాట ఇప్పుడు సంతకంతో, సీలుతో నా చేతిలో ఉంది.

మిగతా జవాబులు ఇంకా విలువైనవి. అంచనాలో ఫుట్‌పాత్ వెడల్పు రెండు మీటర్లు. షాపుల ముందు ర్యాంపులకి ఎవరికీ అనుమతి ఇవ్వలేదు. డయాగ్నస్టిక్ సెంటర్ ప్లానులో సెల్లారు మొత్తం పార్కింగ్ అని గీసి ఉంది. నేను వెళ్లి చూశాను. అందులో ఫ్రిజ్‌లు, పాత బీరువాలు, అట్టపెట్టెలు నిండి ఉన్నాయి, వాచ్‌మన్ కుటుంబం మంచం ఒకటి. ఆంధ్రప్రదేశ్ భవన నిబంధనలు, 2017 ప్రకారం పార్కింగ్ స్థలాన్ని వేరే పనికి వాడకూడదు. "మరి మేం బండ్లు ఎక్కడ పెట్టుకోవాలి?" అని నన్ను అడిగిన వాళ్లందరికీ నా దగ్గర జవాబు దొరికింది. కొత్త స్థలం వెతకనక్కర్లేదు, గీసిన స్థలం ఖాళీ చేస్తే చాలు.

ఇద్దరినీ ఒక బల్ల దగ్గరికి తెచ్చే అధికారి ఎవరో కూడా ఈలోగా తెలిసింది. నాన్న పాత విద్యార్థి ఒకాయన రెవెన్యూలో పనిచేసి రిటైరయ్యారు. "అమ్మా, పాత సీఆర్‌పీసీ 133 కింద ఆర్డీవో దగ్గరికి వెళ్లండి" అని ఆయనే చెప్పారు. సీఆర్‌పీసీ అంటే నేర విచారణ పద్ధతి చెప్పే పాత చట్టం. 2024 జూలై 1 నుంచి దాని స్థానంలో వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహితలో ఆ 133 కాస్తా 152వ సెక్షన్ అయింది. జనం నడిచే దారికి అడ్డం ఉంటే, దాన్ని తొలగించమని సబ్ డివిజనల్ మేజిస్ట్రేట్ షరతుతో కూడిన ఉత్తర్వు ఇవ్వవచ్చు. మన దగ్గర ఆ అధికారం ఆర్డీవోకి ఉంటుంది. అడ్డం పెట్టినవాళ్లు తొలగించాలి, లేదా హాజరై అభ్యంతరం చెప్పుకోవాలి. రెండూ చేయకపోతే ఉత్తర్వు ఖాయమవుతుంది. దీనికి కోర్టు ఫీజుల బాధ పెద్దగా లేదు, లాయరు ఉండి తీరాలనీ లేదు.

పిటిషన్ నేనే తెలుగులో రాశాను. ఫొటోలు, సమాచార హక్కు జవాబులు, నాన్నకి చూపు లేదని ధ్రువీకరించే సదరం సర్టిఫికెట్ జత చేశాను. సదరం ఎందుకంటే, దివ్యాంగుల హక్కుల చట్టం, 2016 కింద దారులు వాళ్లు వాడుకునేలా ఉండాలి. ఆ ప్రమాణాలు పాటించి తీరాల్సినవిగా ఉండాలని సుప్రీంకోర్టు 2024 నవంబరులో రాజీవ్ రతూరీ కేసులో చెప్పింది. ఫుట్‌పాత్ మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలో భాగమని 2025 మే 14న జస్టిస్ అభయ్ ఓకా, జస్టిస్ ఉజ్జల్ భూయాన్ ఇచ్చిన ఉత్తర్వు కూడా పెట్టాను. ఒక ముఖ్యమైన పని చేశాను: నా ఒక్కదాని పేరుతో కాకుండా గ్రంథాలయం మాస్టార్లు, ఆటో స్టాండువాళ్లు, రక్త పరీక్షలకి వచ్చే కొందరు, టీ బండి పిన్ని అందరి సంతకాలూ తీసుకున్నాను. ఇది ఒక ఇంటి తగవు కాదని ఆ కాగితం చూడగానే తెలియాలి.

విచారణ రోజున ఆర్డీవో గారు మున్సిపల్ ఇంజనీరుని, ట్రాఫిక్ ఎస్సైని పిలిపించారు. నేను ఆ రెండు బదిలీ ఉత్తరాలు ఆమె ముందు పెట్టాను. చదివి, తలెత్తి ఇద్దరినీ ఒకసారి చూసి, "రేపు ముగ్గురం అక్కడికే వెళ్దాం" అన్నారు. ఆవిడ ఇంకో మాట అనలేదు.

తనిఖీకి టేపు తెచ్చారు. కర్బ్ నుంచి షాపు గోడ దాకా రెండు మీటర్లు. కారు వెనక బంపరు నుంచి గోడకి కొలిస్తే మనిషి పక్కకి తిరిగితే పట్టేంత చోటు. పలకలు కారు టైరు కింద పగిలిపోయి, ఆ గుంటల్లో నీళ్లు నిలిచి ఉన్నాయి. మనుషులు నడవడానికి పరిచిన పలకలవి, టన్ను బరువు మోయవు. నాన్న కూడా వచ్చారు. ఎవరూ అడగకుండానే కర్ర తీసుకుని గీతల పలక మీద నడవడం మొదలుపెట్టారు. నాలుగడుగుల తర్వాత కర్ర కారు కిందికి వెళ్లింది, మోకాలు తగిలింది. ఆగి, చెయ్యి చాపి బానెట్ తడిమి, "ఇక్కడి నుంచి నాకు దారి లేదండి" అన్నారు. ఎస్సై గారు వచ్చి ఆయన మోచెయ్యి పట్టుకున్నారు.

కార్ల షాపు యజమాని తరఫున లాయరు వచ్చి జీవనోపాధి గురించి వాదించారు. ఇంజనీరు గారేమో కార్లు ఎక్కకుండా ఫుట్‌పాత్ మీద ఇనుప గుంజలు పాతడానికి నిధులు లేవన్నారు. నిధులు లేవన్నది మున్సిపాలిటీకి సాకు కాదని మధ్యప్రదేశ్‌లోని రత్లాం మున్సిపాలిటీ కేసులో 1980లోనే సుప్రీంకోర్టు జడ్జి జస్టిస్ కృష్ణయ్యర్ తీర్పు చెప్పారు. అది కూడా ఇదే సెక్షన్ కింద, మురికి కాలువల గురించి జనం మేజిస్ట్రేటు దగ్గరికి వెళ్లిన కేసే. దాని నకలు ఇచ్చాను. ఉత్తర్వులో మూడు సంగతులు వచ్చాయి. మున్సిపాలిటీ ర్యాంపులు కొట్టేసి, పలకలు మార్చి, గుంజలు పాతాలి. సెల్లారు ఖాళీ చేయించి పార్కింగ్‌కి తెరిపించాలి. ఫుట్‌పాత్ మీద కనబడిన ప్రతి బండికీ పోలీసులు ఫొటో తీసి చలానా రాయాలి, మున్సిపాలిటీ ఉత్తరం కోసం చూడకూడదు.

గుంజల గురించి ఒక మాట. రెండు గుంజల మధ్య చోటు ఎంత వదలాలో ఇంజనీరు గారు నన్నే అడిగారు. చక్రాల కుర్చీకి కనీసం తొంభై సెంటీమీటర్లు కావాలి. కాస్త సులువుగా ఉండాలని మీటరూ ఇరవై వదిలారు. కారు పట్టదు, చక్రాల కుర్చీ పడుతుంది. కానీ చక్రాల కుర్చీ పట్టే సందులో స్కూటరూ పడుతుంది. దీనికి గుంజతో మందు లేదు. సెల్‌ఫోన్ షాపు ముందు సాయంత్రాలు ఇప్పటికీ బైకులు ఎక్కుతున్నాయి. కానిస్టేబుల్ వస్తే దిగుతాయి, వెళ్తే ఎక్కుతాయి. అది చలానాతోనే సాగాల్సిన పని.

చలానా పనిచేస్తుందా అని నాకూ అనుమానం ఉండేది. కార్ల షాపు దగ్గర పనిచేసింది, నేను ఊహించని దారిలో. ఆ కార్లు ఇంకా పాత ఓనర్ల పేరు మీదే ఉంటాయి. ఫొటో చలానా వాళ్ల ఫోనుకే వెళ్లింది. అమ్మకానికి ఇచ్చిన బండికి జరిమానా ఏమిటని వాళ్లు షాపు మీదికి వచ్చారు. వారం తిరిగేలోగా కార్లన్నీ వెనక సందులో ఉన్న ఖాళీ స్థలంలోకి వెళ్లాయి. అద్దెకి తీసుకున్నారట. వ్యాపారం నడుస్తూనే ఉంది.

ఇది ఇలా ఉండగా మా కాలేజీ రోడ్డు సంగతి తలకెత్తుకున్నాను. అక్కడ పిల్లల కోసం రోడ్డంచున ఆకుపచ్చ రంగుతో సైకిల్ దారి గీశారు. నా విద్యార్థులు చాలామంది చుట్టుపక్కల పల్లెల నుంచి సైకిళ్ల మీదే వస్తారు. ఆ ఆకుపచ్చ పట్టీ ఇప్పుడు టిఫిన్ సెంటర్లకి వచ్చేవాళ్ల కార్లకి గీసిచ్చిన గడిలా తయారైంది. పిల్లలు దాన్ని తప్పుకుని లారీల వరసలోకి వస్తారు. నిబంధన ఫుట్‌పాత్‌కి ఎంతో సైకిల్ ట్రాక్‌కీ అంతే. కానీ ఇక్కడ చిక్కు వేరు. ఫుట్‌పాత్ ఎత్తుగా ఉంటుంది, చూడగానే తెలుస్తుంది. రంగు పూసిన పట్టీ సైకిల్ ట్రాక్ అవునా కాదా అని పోలీసులు అడిగితే రికార్డు కావాలి. సమాచార హక్కులో అడిగితే ఆ పనికి "రోడ్డు గుర్తులు, రంగులు" అని బిల్లు అయింది గానీ, సైకిల్ దారి అని ఎక్కడా లేదు. మోటారు వాహనాల చట్టం షెడ్యూల్లో సైకిల్ ట్రాక్‌కి నీలం రంగు గుండ్రటి బోర్డు ఉంది. చట్టం దృష్టిలో ఆ బోర్డు మాట్లాడుతుంది, రంగు మాట్లాడదు. హైదరాబాదులో ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన సోలార్ కప్పు ట్రాక్‌లాగా రోడ్డు నుంచి విడదీసి కడితే ఈ గొడవే రాదు. 23 కిలోమీటర్లు కట్టారు దాన్ని. మా ఊరికి అంత డబ్బు రాదు. నీలం బోర్డులు, అంచున చిన్న రబ్బరు గుంజలు చాలని కౌన్సిల్‌కి రాసిచ్చాను. మా వార్డు కౌన్సిలర్ గారు ఎజెండాలో పెట్టించారు. బోర్డులు వచ్చాయి. రబ్బరు గుంజలు ఇంకా రాలేదు.

మెయిన్ రోడ్డు ఎడమ పక్క ఇప్పుడు నడవొచ్చు. నాన్న మళ్లీ ఒంటరిగా గ్రంథాలయానికి వెళ్తున్నారు. పిన్నికి విక్రయదారు గుర్తింపు కార్డు వచ్చింది. కుడి పక్క అలాగే ఉంది. అటు ఒక ప్రైవేటు ఆస్పత్రి, రెండు కల్యాణ మండపాలు, పెళ్లిళ్ల రోజుల్లో బస్సులే ఎక్కుతాయి. దాని మీద రెండో పిటిషన్ పెట్టాం. కార్ల షాపు యజమాని పిలిచి మరీ దాని మీద సంతకం పెట్టారు, "మా పక్క తీయించి అటుపక్క వదిలేస్తారా ఏంటమ్మా?" అంటూ. ఈసారి కల్యాణ మండపాల మంజూరు ప్లాన్లు ముందే తీసి పెట్టుకున్నాం. ఒకదానికి వెనక పార్కింగ్ స్థలం గీసి ఉంది, రెండోదానికి అసలు ప్లానే దొరకలేదని జవాబు వచ్చింది. ఆ జవాబుని కూడా పిటిషన్‌కి జత చేశాం. విచారణ వచ్చే నెలలో ఉంది.